కొత్త బాత్రూమ్‌కి మురుగు లైను: వాటం, ట్రాప్, గాలి గొట్టం

టైల్స్ పడ్డాక కుళాయి నచ్చకపోతే మార్చుకోవచ్చు. గచ్చు కిందికి వెళ్లిన మురుగు పైపు అలా కాదు, దాన్ని సరిచేయాలంటే బాత్రూమ్ పగలగొట్టాల్సిందే. కాబట్టి పైపులు కొనకముందే నేల ప్లాను గీసుకోండి. కమోడ్, బేసిన్, స్నానం చేసే మూల, బయట నిలువు పైపు దిగే చోటు గుర్తుపెట్టుకోండి. నిలువు పైపుకి అన్నిటికంటే దగ్గరగా ఉండాల్సింది కమోడే.

కమోడ్ లైనుకి 110 మి.మీ., ఫ్లోర్ ట్రాప్ (నేల జాలీ కింద, వాసన రాకుండా కొంచెం నీళ్లు నిలిచే గిన్నె) నుంచి బయటికి 75 మి.మీ., బేసిన్‌కి 40 మి.మీ. సరిపోతాయి. బేసిన్ గొట్టం గోడలో దూరం వెళ్లాలంటే 50 పెట్టండి. నీళ్లు పోయే దారిలో పైపు పెద్దదవ్వచ్చు గానీ ఎక్కడా చిన్నదవ్వకూడదు.

అసలు కిటుకంతా వాటంలో ఉంది. మీటరుకి 2.5 సెం.మీ. దిగాలి. తక్కువైతే మడ్డి పేరుకుంటుంది. మరీ నిటారుగా పెట్టినా నీళ్లు ముందు జారిపోయి మలం వెనక మిగిలిపోవచ్చు. కంటి అంచనాతో వేసిన లైను సగంలో బొజ్జలా దిగి, నీళ్లు అక్కడే నిలుస్తాయి. మీటరు పొడవు లెవెల్ బద్ద తీసుకుని, పల్లం వైపు చివర కింద 2.5 సెం.మీ. చెక్కముక్క కట్టండి. దాన్ని పైపు మీద ఆనిస్తే బుడగ సరిగ్గా మధ్యలో నిలబడాలి. సాకెట్ (ఇంకో పైపు దూరే వెడల్పు నోరు) ఉబ్బు మీద పెట్టి చూస్తే లెక్క తప్పుతుంది, సాదా భాగం మీదే పెట్టండి.

ఈ వాటానికి లోతు ఎంత కావాలో ముందే చూసుకోండి. కమోడ్ నుంచి నిలువు పైపుకి 2.4 మీటర్లు ఉంటే 6 సెం.మీ. దిగాలి. పైపు మందం 11, టైలూ దాని కింద మసాలా 5, అడుగున 2 వేసుకుంటే 24 సెం.మీ. అయింది. కమోడ్ కింది బెండు ఎత్తు ఇంకా కలపలేదు! అందుకే కమోడ్ నేలలోకి దిగే రకమైతే స్లాబుని 30 సెం.మీ. పల్లంగా పోయించడం మంచిది. అంత లోతు లేనిచోట గోడలోకి పోయే పి-ట్రాప్ కమోడ్ తీసుకోండి. స్లాబు తక్కువుందని వాటం తగ్గించే బేరానికి మాత్రం ఒప్పుకోకండి.

కమోడ్ రంధ్రం కొలత ఇటుక గోడ నుంచి తీయడం మామూలుగా జరిగే పొరపాటు. ప్లాస్టరు, టైలు కలిసి 2.5 నుంచి 3 సెం.మీ. తినేస్తాయి, తర్వాత కమోడ్ ట్యాంకు గోడకి తగిలి కూర్చుంటుంది. ముందు కమోడ్ మోడల్ ఖాయం చేసుకుని, దాని కొలతల కాగితంలో ఉన్న దూరాన్ని పూర్తయిన గోడ నుంచి లెక్కేయండి.

మలుపుల దగ్గర ఒక్క 90 డిగ్రీల ఎల్బో బదులు రెండు 45లు వాడండి. అడ్డ పైపులు కలిసేచోట టీ (T ఆకారం జాయింటు) వద్దు, వై (Y ఆకారం) పెట్టండి. మలుపు దగ్గర, అడ్డుపడితే తెరిచి శుభ్రం చేయడానికి తలుపున్న బెండు పెట్టి, ఆ తలుపు చేతికి అందేలా చూడండి. టైలు కింద కప్పేసిన తలుపు ఉన్నా లేనట్టే.

అతుకులకి పైపుని సమంగా కోసి, లోపలి పొరలు గీకి, అంచు కొంచెం చెక్కండి. సాల్వెంట్ (పైపులు అతికించే జిగురు) అయితే రెండు వైపులా పూసి, గుర్తుదాకా నెట్టి, పావు తిప్పు తిప్పి, అర నిమిషం పట్టుకోండి. రబ్బరు రింగు అతుకుకి నూనె, గ్రీజు వద్దు, రబ్బరు పాడవుతుంది. సబ్బు నీళ్లు చాలు. లోపలికి పూర్తిగా నెట్టాక 10 మి.మీ. వెనక్కి లాగండి, వేడికి పైపు సాగడానికి ఆ చోటు. సాకెట్ నోరు ఎప్పుడూ నీళ్లు వచ్చే వైపుకే ఉండాలి.

వాసనని ఆపేది ట్రాప్‌లో నిలిచే నీళ్లే. కనీసం 5 సెం.మీ. లోతు నీళ్లు నిలవాలి. ఫ్లష్ కొట్టగానే ఫ్లోర్ ట్రాప్ గుడగుడమంటే ఆ నీళ్లని పైపు పీల్చేస్తోందని అర్థం. ట్రాప్ మార్చినా లాభం ఉండదు, గాలి అందడం లేదు. నిలువు పైపుని అదే సైజులో డాబా పైదాకా తీసుకెళ్లి, పైన జాలీ టోపీ పెట్టండి, అదే గాలి గొట్టం. కిటికీల పక్కన మాత్రం ముగించకండి. బేసిన్ నీళ్లని ఫ్లోర్ ట్రాప్‌లోకి కలపొచ్చు, కానీ గొట్టం నోరు జాలీకి కింద, నిలిచే నీటికి పైన ఉండాలి. కమోడ్‌ది ఎప్పుడూ వేరే దారే.

కప్పెట్టేముందు పరీక్ష చేయండి. చివరన గట్టి బిరడా బిగించి, ట్రాప్ నోటిదాకా నీళ్లు నింపి, మట్టం గీత గీసి 24 గంటలు వదలండి. నీళ్లు గీత కిందికి దిగితే తడి ఏ అతుకు దగ్గరుందో చూసి దాన్ని మళ్లీ వేయండి, పైన సిమెంటు పూసి సరిపెట్టకండి. తర్వాత బిరడా తీసి, కాగితం ముక్కలతో బకెట్ నీళ్లు ఒక్కసారిగా పోయండి, ముక్కలన్నీ బయటి చాంబర్లో తేలాలి. పైపుల కొలతలు కనిపించేలా ఫొటోలు తీసి ఉంచుకోండి. అప్పుడే వాటర్‌ప్రూఫింగ్. ట్రాప్ అంచు చుట్టూ దాన్ని మలిచి లోపలికి దింపాలి, లీకు మొదలయ్యేది ఎక్కువగా ఆ అంచు దగ్గరే. టైల్స్ వేసేటప్పుడు గచ్చుకి ట్రాప్ వైపు మీటరుకి 1 నుంచి 1.5 సెం.మీ. వాటం, జాలీ టైలు కన్నా 2 మి.మీ. కిందికి.