మిడత వర్ణన, ఆరో పాఠం: పొట్టి రెక్కా, పిల్ల రెక్కా?

ఈ వారం కొలతల పట్టిక మొదలుపెట్టాలి. ఐదో పాఠానికి మీరు రాసి పంపిన వర్ణనలు చదివాక దాన్ని పక్కన పెట్టాను. కొండ అడవిలో కనిపించిన మిడతను కొత్త జాతి అనుకుని పది వాక్యాలు రాయమంటే, ఎక్కువ మంది మొదటి వాక్యం ఒకటే రాశారు: "రెక్కలు చాలా పొట్టిగా ఉన్నాయి." బద్వేలు నుంచి ఒక టీచరమ్మ పంపిన ఫొటోలు ఎంతో బాగున్నాయి. పై నుంచి, పక్క నుంచి, స్కేలు పెట్టి మరీ తీశారు. కానీ వాటిలో ఉన్నది ఎదిగిన మిడత కాదు, పిల్ల. పిల్లను ఎలా గుర్తుపట్టాలో నేను ముందే చెప్పాల్సింది. అందుకే ఈ పాఠమంతా దానికే.

కొండల్లో ఈ పొరపాటు జరగడానికి కారణం ఉంది. కొండ అడవుల్లో ఉండే చాలా మిడతలకు ఎదిగాక కూడా పొట్టి రెక్కలే ఉంటాయి, కొన్నిటికి అసలే ఉండవు. ఎగరలేని మిడత ఒక కొండ నుంచి ఇంకో కొండకు పోలేదు. ఏ కొండది ఆ కొండలోనే తరతరాలుగా విడిగా మారుతూ వస్తుంది. కొత్త జాతులు దొరికేది ఎక్కువగా ఇలాంటి వాటిలోనే. కాబట్టి పొట్టి రెక్క కనపడగానే ఆశ పుట్టడం సహజం. అయితే పొడుగు రెక్కల మిడతకు కూడా పిల్లప్పుడు ఉండేవి పొట్టి రెక్కలే. సీతాకోకచిలుకకు ఉన్నట్టు మిడతకు ప్యూపా (గూటి) దశ లేదు. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల ఐదారు సార్లు కుబుసం విడిచి పెద్దదవుతుంది, ప్రతిసారీ రెక్క మొగ్గ కొంచెం పెరుగుతుంది.

తేడా తెలుసుకోవాలంటే పొడవు చూడొద్దు, ఏ రెక్క పైన ఉందో చూడండి. ఎదిగిన మిడతకు ఎంత పొట్టివైనా సరే, ముందు రెక్క పైన ఉంటుంది, వెనక రెక్క దాని కింద దాగుతుంది. చివరి దశల్లో ఉన్న పిల్లకు ఇది తలకిందులు. మొగ్గలు తిరగబడి, వెనక రెక్క మొగ్గ వెడల్పాటి త్రికోణంలా ముందు రెక్క మొగ్గను కప్పేస్తుంది. పది రెట్ల లెన్స్‌తో స్పష్టంగా కనపడుతుంది. టీచరమ్మ ఫొటోలో కూడా ఉంది, పెద్దది చేసి చూడండి.

రెక్కలే లేకపోతే పొట్ట చివర చూడాలి. ఎదిగిన ఆడదానికి గుడ్లు పెట్టే కవాటాలు గట్టిపడి, కొనలు నల్లబడి, బయటకు తేలి ఉంటాయి. పిల్లకు అవి మెత్తగా, చిన్నగా ఉంటాయి.

కడప దగ్గరి పాలకొండల అంచున, అడవి హద్దుకు బయట, చేను గట్టు మీద దొరికిన ఒక మిడతను నేను కూడా కొత్తదే అనుకున్నాను. గోధుమ రంగు ఒళ్ళు, చిటికెన వేలి గోరంత రెక్కలు. సీసాలో గడ్డి వేసి ఉంచితే పదకొండో రోజు పొద్దున కుబుసం పక్కన పొడుగు రెక్కలతో నిలబడి ఉంది. అది మన పొలాల్లో రోజూ చూసే మిడతే. అప్పటి నుంచి అనుమానం ఉన్న దేన్నయినా చంపే ముందు పెంచి చూస్తున్నాను. మీరూ అలాగే చేయండి.

రంగు గురించి ఒక్క మాట. ఒకే జాతిలో పచ్చవీ గోధుమవీ ఉంటాయి, చచ్చాక పచ్చ రంగు వెలిసిపోతుంది. రంగు రాయండి, కానీ దాని మీద ఆధారపడకండి. ప్రోనోటమ్ (తల వెనక వీపు మీద ఉండే పెద్ద పలక) గట్లు, ముందుకాళ్ళ మధ్య ఉండే ముల్లు, మగదాని పొట్ట చివరి పలక ఆకారం, ఇవి మారవు. దాచిపెట్టే నమూనాకు గుండుసూది గుచ్చేటప్పుడు ప్రోనోటమ్‌కు కుడి పక్కన గుచ్చండి. నడుమ గుచ్చితే మధ్య గట్టు పాడైపోతుంది.

లేబుల్ మీద ఊరు రాసేటప్పుడు గుత్తి సంగతి గుర్తుంచుకోండి. 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త వర్ణించిన నీలి సాలీడు, పోయిసిలోథీరియా మెటాలికా, గుత్తి రైల్వే కలప డిపోలో దొరికింది. రికార్డులో ఊరు గుత్తి అనే ఉండిపోయింది. అది కట్టెలతో పాటు రైల్లో వచ్చి ఉంటుందని తర్వాత తెలిసింది. అసలు తావు నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమల. నూరేళ్ళు దాటాకే అక్కడ కనిపించింది. దొరికిన చోటు, ఎత్తు, తేదీ, ఏ మొక్క మీద ఉంది, ఇవన్నీ అక్కడే నిలబడి రాయండి. ఇంటికొచ్చి గుర్తు తెచ్చుకుని రాసేది నేను ఒప్పుకోను.

పొడుగాటి వర్ణన ఒక్కటే చాలదు. దగ్గరి జాతుల నుంచి ఇది ఏ లక్షణాల్లో వేరో చెప్పాలి, 1930 తర్వాత పెట్టిన పేర్లకు జంతు నామకరణ నియమావళిలో ఇది తప్పనిసరి. 1999 తర్వాత పెట్టిన పేర్లకైతే ఆ పేరుకు ఆధారమైన నమూనా (మామూలుగా ఒకే ఒక్కటి, దాన్ని హోలోటైప్ అంటారు) ఏదో స్పష్టంగా ప్రకటించాలి కూడా. కొత్త జాతి అని తేలితే నమూనాను గుర్తింపు పొందిన భాండాగారానికి అప్పగించాలని 2002 జీవవైవిధ్య చట్టం చెబుతోంది. మనకు జంతువుల విషయంలో అలాంటి వాటిలో ఒకటి కోల్‌కతా కేంద్రంగా ఉన్న జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా. కడప జిల్లాలోని లంకమల అభయారణ్యంలో అటవీ శాఖ అనుమతి లేకుండా ఒక్క పురుగును కూడా పట్టకండి. ఫొటోతో సరిపెట్టుకోండి.

అభ్యాసానికి అడవి అక్కర్లేదు. మీ ఊరి బయట జిల్లేడు పొదల మీద పసుపు, నీలం చారల మిడతలు ఉంటాయి. వాటి పిల్లలు పసుపు ఒంటి మీద నల్ల, ఎర్ర చుక్కలతో వేరే జాతిలా కనిపిస్తాయి. ఒక పిల్లను తెచ్చి జిల్లేడు ఆకులతో పెంచండి. గట్టిగా పట్టుకోకండి, ద్రవం చిమ్ముతుంది. జిల్లేడు పాలు కంట్లో పడకుండా జాగ్రత్త. ప్రతి కుబుసం తర్వాత రెక్క మొగ్గ బొమ్మ గీయండి, ఏది పైన ఉందో బాణం గుర్తు పెట్టండి. చివరికి ఎదిగిన మిడతను రెండు వందల మాటల్లో వర్ణించండి, అందులో ఒక్క రంగు పేరు కూడా ఉండకూడదు. కొలతల పట్టిక మొదలుపెట్టేది ఆ కాగితాలు వచ్చాకే.