విదేశీ చదువుకు ముందుగా పాస్‌పోర్టు తెరవండి

విశాఖలో ఇంజినీరింగ్ మూడో ఏడాది చదువుతూ అమెరికాలో ఎంఎస్ చేయాలనుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. కోచింగ్ సంగతి తరువాత, ముందు పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి చూసుకోండి. పదో తరగతి సర్టిఫికెట్‌లో మన ఇంటిపేరు ముందుంటుంది, కొందరికి ఒక్క పొడి అక్షరమే ఉంటుంది. పాస్‌పోర్టులో ఆ గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో మీ పేరంతా ఇంటిపేరు స్థానంలోకి వెళ్లి, అసలు పేరు ఉండాల్సిన చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే అసలు పేరు తెలియదు) అని పడుతుంది. అక్కడికి వెళ్లాక ప్రతి కాగితం దగ్గరా వివరణ ఇచ్చుకోవాలి. ఆన్‌లైన్‌లో అపాయింట్‌మెంట్ తీసుకుని ఇప్పుడే సరిచేయించుకోండి. ఎంఎస్ ప్రవేశాలకు రాసే జీఆర్‌ఈ పరీక్ష కేంద్రంలో గుర్తింపుగా చూపాల్సింది పాస్‌పోర్టే, ఆధార్ చెల్లదు. నమోదు చేసుకున్న పేరు దానితో అక్షరం పొల్లుపోకుండా కలవాలి.

జీఆర్‌ఈ స్కోరు 5 ఏళ్లు చెల్లుతుంది, ఇంగ్లీషు పరీక్షలైన టోఫెల్, ఐఈఎల్‌టీఎస్‌ల స్కోర్లు 2 ఏళ్లే. అందుకే జీఆర్‌ఈ మూడో ఏడాది వేసవిలోనే ముగించి, ఇంగ్లీషు పరీక్ష దరఖాస్తుల ముందు రాయడం మేలని నా అభిప్రాయం. 2023 సెప్టెంబరు నుంచి జీఆర్‌ఈ 2 గంటల లోపే అయిపోతోంది కాబట్టి పాత పుస్తకాల్లోని నాలుగు గంటల నమూనా పరీక్షలతో బెంబేలెత్తకండి.

ఆంధ్రా విశ్వవిద్యాలయ అనుబంధ కళాశాలల వాళ్లు ట్రాన్‌స్క్రిప్టులు (అన్ని సెమిస్టర్ల మార్కుల అధికారిక పత్రాలు) తీసుకునే పద్ధతి కళాశాల కార్యాలయంలో ముందే కనుక్కోండి. సిఫార్సు లేఖల కోసం మాస్టార్లను సెలవులకు ముందే అడగండి, మీ ప్రాజెక్టు వివరాలు ఒక పేజీలో రాసి చేతికివ్వండి.