బాలిలో వరి మెట్లు చూడటం, అక్కడి కాఫీ రుచి చూడటం ఎలా?

బాలి వెళ్లినవాళ్లలో చాలామంది వరి మడుల దగ్గర పావుగంట ఆగి, ఊయల మీద ఫొటో దిగి వచ్చేస్తారు. అలా వచ్చేయకండి, ఒక రోజంతా కేటాయించండి. పొద్దున చేను, మధ్యాహ్నం కాఫీ.

1. ఎక్కడికో తేల్చుకోండి

తెగల్లలాంగ్ ఉబుద్ పట్టణానికి ఉత్తరాన ఉంది, కారులో అరగంట ప్రయాణం. ఇరుకు లోయలో నిటారుగా దిగే మడులు, చుట్టూ కేఫ్‌లు, బాగా రద్దీ. జతిలువిహ్ తబనాన్ జిల్లాలో, బతుకారు కొండ పాదాన ఉంది. దూరం ఎక్కువే, కానీ కొండవాలంతా పరుచుకున్న చేలు, చల్లగాలి. ఒక్కటే చూసే వీలుంటే జతిలువిహ్‌కే వెళ్లండి.

2. పంట ఏ దశలో ఉందో అడగండి

నవంబర్ నుంచి మార్చి దాకా వానలు, గట్లు జారతాయి. ఏప్రిల్ నుంచి అక్టోబర్ వరకు నడవడం సులువు. అయితే ఎండాకాలమైనంత మాత్రాన చేను పచ్చగా ఉంటుందని అనుకోవద్దు. కొత్తగా నాట్లు వేస్తే మడుల్లో ఆకాశం కనిపిస్తుంది, కోత అయిపోతే మోళ్లే మిగులుతాయి. బస చేసినచోట ముందురోజే కనుక్కోండి. బాలి అంతా మౌనం పాటించే న్యెపి పండుగ రోజు మాత్రం ప్రయాణం పెట్టుకోకండి. ఆ 24 గంటలు విమానాశ్రయం కూడా మూసేస్తారు.

3. బండి మాట్లాడుకోండి

రోజంతటికీ డ్రైవర్‌తో కారు మాట్లాడుకుంటే టెన్షన్ ఉండదు. ఎక్కడెక్కడ ఆగాలో, ఎంత ఇవ్వాలో బయలుదేరకముందే తేల్చుకోండి. స్కూటర్ అయితే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్, హెల్మెట్ తప్పనిసరి. చిన్న రూపియా నోట్లు దగ్గర ఉంచుకోండి. జతిలువిహ్‌లో ప్రవేశ రుసుము ఉంటుంది, తెగల్లలాంగ్ దారుల్లో రైతులు కొంత విరాళం అడుగుతారు. ఇవ్వండి, మనం నడిచేది వాళ్ల గట్ల మీదే.

4. గట్టు మీద నడిచే పద్ధతి

ఎండ ఎక్కకముందే చేరుకోండి. పట్టున్న చెప్పులు వేసుకోండి. ఎదురుగా మోపుతో రైతు వస్తుంటే పక్కకు జరిగి దారివ్వండి.

గట్టు అంచు మీద మాత్రం కాలు వేయకండి. ఇక్కడ నీళ్లు పై మడి నుంచి కింది మడికి దిగుతాయి. ఒకచోట గట్టు తెగితే ఆ మడి ఎండుతుంది, కింది మడిలో నీటి లెక్క తప్పుతుంది. ఈ నీటి పంపకాన్ని చూసేది సుబక్ అనే రైతుల సంఘం. 9వ శతాబ్దం నుంచీ ఉన్న పద్ధతి ఇది, 2012లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ఎవరి మడికి ఎప్పుడు నీళ్లు వదలాలో, నాట్లు ఎప్పుడు వేయాలో నీటి గుళ్ల చుట్టూ కూడి నిర్ణయించుకుంటారు. అందరూ కలిసి నాటి, చేలన్నీ ఒకేసారి ఖాళీ అయితే పురుగుకు తిండి దొరకదు. ఇది తెలుసుకుని నడిస్తే ఆ మెట్లు వేరేగా కనిపిస్తాయి. మడి మూలల్లో వరి దేవత దేవి శ్రీకి కట్టిన చిన్న గుళ్లు, నేల మీద ఆకు దొన్నెల్లో పూల నైవేద్యాలు ఉంటాయి. వాటిని తొక్కకండి.

5. ఇక కాఫీ

కింతమణి ప్రాంతంలో, బతూర్ అగ్నిపర్వతం వాలుల్లో అరబికా రకం కాఫీ పండుతుంది. నారింజ తోటల మధ్య పెరిగే ఈ కాఫీలో పుల్లటి పండు రుచి తగులుతుంది. 2008లో భౌగోళిక గుర్తింపు దక్కింది, ఇండోనేషియాలో అదే మొదటిది. తబనాన్‌లోని పుపువాన్ వైపు రొబస్టా రకం పండిస్తారు, అది చేదుగా, గట్టిగా ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని తాగితే తేడా నాలుకకే తెలుస్తుంది.

ఊళ్లో చిన్న హోటల్‌లో 'కోపి' అడిగితే గ్లాసులో మెత్తటి పొడి వేసి మరిగిన నీళ్లు పోసి ఇస్తారు. చక్కెర వద్దంటే 'తన్పా గులా' అనండి. వడకట్టరు కాబట్టి నాలుగైదు నిమిషాలు ఆగి, పొడి అడుక్కి దిగాక తాగండి. చివరి గుక్క వదిలేయండి.

దారిలోని కాఫీ తోటల్లో చిన్న కప్పుల వరుస ఉచితంగా తెచ్చిపెడతారు. వాటిలో అల్లం, నిమ్మగడ్డి పానీయాలే ఎక్కువ. కోపి లువాక్‌కు మాత్రం విడిగా డబ్బు తీసుకుంటారు. అది పునుగుపిల్లి తిని విసర్జించిన గింజలతో చేసేది. ఆ జంతువులను బోనుల్లో పెట్టి పళ్లు మేపే చోట్లు చాలా ఉన్నాయి. 'అడవిలో ఏరినదే' అన్న మాటను మనం అక్కడ తేల్చుకోలేం. అందుకే నేను వద్దంటాను. ఆ డబ్బుతో కింతమణి గింజలు కొనుక్కోండి. పొడి కాకుండా గింజలే తీసుకోండి, ప్యాకెట్ మీద వేయించిన తేదీ చూడండి.