యుద్ధకాలపు గస్తీ ఓడ బొమ్మ వేయడం ఎలా

యుద్ధనౌక బొమ్మ అనగానే చాలామంది ఫిరంగులు, తాళ్లు, నిచ్చెనలు ఒక్కొక్కటే గీయడం మొదలుపెడతారు. రేవులో ఆగున్న ఓడకైతే సరే. గస్తీలో ఉన్న ఓడకి శత్రువు కంట పడకుండా ఉండటమే సగం పని, అందుకే ముందు వాతావరణం వేయండి, ఓడని అందులోకి తర్వాత దింపండి.

మొదట మీరెక్కడ నిలబడి చూస్తున్నారో తేల్చుకోవాలి. మీ కన్ను నీటికి 9 మీటర్ల ఎత్తులో ఉంటే, సముద్రం ఆకాశాన్ని తాకే గీత దాదాపు 11 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. దగ్గర్లో ఉన్న ఓడలన్నిటినీ ఆ గీత ఇంచుమించు 9 మీటర్ల ఎత్తులోనే కోస్తుంది, చిన్నదైనా పెద్దదైనా. ఇది తప్పితే ఓడలు గాల్లో తేలుతున్నట్టుంటాయి, ఎంత బాగా రంగులేసినా లాభం లేదు. ఓడ ఊగుతోందని చూపించాలంటే ఆ గీతని వంచకండి, మీ పక్కనున్న రెయిలింగ్‌ని వంచండి.

ఇక రంగు. నల్ల ట్యూబ్ పక్కన పెట్టేయండి. అల్ట్రామెరైన్ (ముదురు నీలం), బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి రంగు) కలిపితే వచ్చే బూడిద రంగు చాలు, నీలం ఎక్కువైతే చలి, సియెన్నా ఎక్కువైతే తుప్పు.

కానీ ఓడలన్నీ బూడిద రంగే అనుకోవద్దు. రెండో ప్రపంచయుద్ధంలో అట్లాంటిక్ కాన్వాయ్‌లకి (గుంపుగా సాగే సరుకు ఓడలకి) కాపలా కాసిన చాలా బ్రిటిష్ ఓడలకి పీటర్ స్కాట్ (ఈయనా చిత్రకారుడే) రూపొందించిన పద్ధతిలో తెలుపు, లేత నీలం, లేత ఆకుపచ్చ వేశారు, ఎందుకంటే మబ్బు పట్టిన రాత్రి ఆకాశం ముందు ముదురు ఓడే ముందు కనబడుతుంది. వాటర్‌కలర్‌లో అలాంటి ఓడకి కాగితాన్నే వదిలేసి, ఆకాశాన్ని ఒక్క మెట్టు ముదురు చేస్తే సరిపోతుంది. మొదటి యుద్ధంలో, 1917లో నార్మన్ విల్కిన్సన్ అనే బ్రిటిష్ చిత్రకారుడు తెచ్చిన డాజిల్ (కళ్లు చెదరగొట్టే) చారలు పూర్తిగా వేరే సంగతి. అవి దాచడానికి కాదు, ఓడ ఎటు పోతోందో జలాంతర్గామికి అంచనా దొరక్కుండా చేయడానికి. వాటిని ఓడ ఒంపులతో పాటు మెలితిప్పకుండా, అడ్డంగా కోసుకుపోయేలా చదునుగా వేయండి.

1940లో హైలాండర్ అనే డిస్ట్రాయర్ (వేగంగా పోయే యుద్ధనౌక) మీద నార్వే వైపు వెళ్లిన బ్రిటిష్ చిత్రకారుడు ఎరిక్ రావిలియస్ వాటర్‌కలర్లు చూడండి. సన్నటి పొడి గీతల మధ్య తెల్ల కాగితం మెరుస్తూ ఉంటుంది. ఉత్తరాది సముద్రపు వెలుగుకి అంతకన్నా మంచి పాఠం నాకు తెలీదు.

తేదీ కూడా సరిచూసుకోండి. 1940 నాటి కొర్వెట్ (చిన్న కాపలా యుద్ధనౌక) మీద తర్వాతి ఏళ్లలో వచ్చిన రాడార్ గోపురం పెడితే తెలిసినవాళ్లు వెంటనే పట్టేస్తారు.

మనుషుల్ని చివర్లో వేయండి. ఓడని నడిపించే బ్రిడ్జి మీద చలికోట్లలో ముడుచుకుని తలో దిక్కూ చూస్తున్న ఇద్దరు చాలు, ఓడ ఎంత పెద్దదో వాళ్లే చెప్తారు, మొహాలు అక్కర్లేదు.