రోడ్డు మీద కోపం – 4వ పాఠం: ‘రా’ తీసేసి మాట్లాడటం

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? వారం రోజులు బండి తోలేటప్పుడు నోటికి ఎన్నిసార్లు తిట్టు వచ్చిందో లెక్క రాసుకోమన్నాను. నా దగ్గర కారు నేర్చుకుంటున్న ఒక బ్యాంకు మేడమ్ మా అనంతపురంలో సాయినగర్ నుంచి టవర్ క్లాక్ దాకా పోయి వచ్చేలోగా 11 అని రాసుకొచ్చారు. "అందులో నాలుగు మా ఆయన్ని సార్, పక్కన కూర్చుని ఒకటే సలహాలు" అన్నారు. అవి కూడా లెక్కే అన్నాను.

ఇంతవరకు మూడు పాఠాల్లో మన సంగతే చూసుకున్నాం. ముందు బండికి ఎంత జాగా వదలాలి, అద్దం ఎంత దించాలి, ఎవరైనా వెంటపడితే ఇంటిదాకా తీసుకుపోకుండా బండి ఎక్కడ ఆపాలి, ఇవన్నీ. ఈ పాఠంలో అవతలి మనిషి దిగి వచ్చేశాడు. మీ డోరు పక్కనే నిలబడ్డాడు. ఇప్పుడు మీ నోట్లోంచి వచ్చే మొదటి మాట ఏంటి?

పామిడి దగ్గర జరిగింది

పదిహేనేళ్ల కిందటి మాట. గుత్తి నుంచి అనంతపురం వస్తున్నా. పామిడి దాటాక ఒక లారీ ఇండికేటర్ వేయకుండా ఎడమకు తిరిగింది, టీ అంగడి ముందు ఆపడానికి. నా కారు పక్క అద్దం పటుక్కున విరిగి వైరుకు వేలాడింది. డ్రైవరు వెంటనే దిగాడు. చెయ్యెత్తి "అన్నా, చూసుకోలేదన్నా" అంటూనే వస్తున్నాడు. అక్కడితో అయిపోవాల్సిన గొడవ. నేను దిగి "ఏందిరా, కండ్లు కనపడవా?" అన్నాను.

అతని మొహం నా కళ్లముందే మారిపోయింది. ఎత్తిన చెయ్యి దించాడు. ఒక్క మాట మాట్లాడలేదు. వెనక్కి పోయి, క్యాబిన్‌లోంచి వీల్ పానా తీసుకుని వచ్చాడు. క్లీనర్ కుర్రాడు రెండో పక్క నుంచి దిగాడు. నా కాళ్లు రోడ్డుకు అతుక్కుపోయాయి.

కాపాడింది టీ అంగడి ఆమె. అరవలేదు, మధ్యలో అడ్డం పడలేదు. టీ గ్లాసు పట్టుకొచ్చి "పోనీలేప్పా, తాగు" అని పానా పట్టుకున్న చేతికే అందించింది. చిన్న గాజు గ్లాసు, నిండుగా ఉంది, కాలుతోంది. అంచు పట్టుకోవాలంటే రెండు వేళ్లు ఖాళీ చేసుకోవాలి. అతను ఒక్క క్షణం గ్లాసును చూశాడు, పానాను చూశాడు. పానాను బెంచీ మీద పెట్టి గ్లాసు తీసుకున్నాడు. ఆమె రెండో గ్లాసు నా చేతిలో పెట్టింది.

టీ అయ్యాక అతనే అన్నాడు. "అద్దం నా వల్లే పోయిందన్నా, డబ్బులు ఇద్దామనే వస్తిని. మా ఇంట్లో పెద్దోళ్లు తప్ప నన్నెవరూ ‘రా’ అనరు."

ఆ రోజు నుంచి నేను ఈ అక్షరాన్ని గమనిస్తున్నాను. అమ్మ అంటే ముద్దు, స్నేహితుడు అంటే చనువు. అదే ‘రా’ ముక్కూమొహం తెలియనివాడు అంటే "నువ్వు నాకంటే కింద" అని అర్థం. ఊళ్లలో తరతరాలుగా పేరు పెట్టి కాకుండా ‘రా’ అనే పిలిపించుకున్న ఇళ్లు ఉన్నాయి. ఆ ఇంటి కుర్రాడు ఈరోజు సొంత బండి తోలుకుంటున్నాడు. మీరు అద్దం గురించి అన్న మాట అతని తాత దాకా పోయి తగులుతుంది. మీకు తెలియకుండానే పాత బాకీ కూడా మీ నెత్తిన పడుతుంది.

గొడవ మెట్లు

రోడ్డు మీద గొడవలు దాదాపు ఒకే వరసలో పైకి ఎక్కుతాయి. "ఏమన్నా?", తర్వాత "ఏంది?", తర్వాత "ఏందిరా?", ఆపైన "నేనెవరో తెలుసా?". ఆ చివరి మెట్టు వినపడిందంటే అతను మీతో మాట్లాడటం ఆపేసి, చుట్టూ చేరిన పదిమందితో మాట్లాడుతున్నాడని లెక్క. ఇక అద్దం, సొట్ట, గీత ఏవీ లేవు. పరువే ఉంది.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పొద్దు. "తెలుసు" అన్నా తప్పే, "ఎవడైతే నాకేంది" అన్నా తప్పే. బండి సంగతి ఎత్తండి: "అన్నా, వెనకాల బస్సు ఆగిపోయింది, బండ్లు పక్కకు తీసుకుని మాట్లాడుకుందాం." సప్తగిరి సర్కిల్ మధ్యలో అరుచుకునే ఇద్దరు, బండ్లు తీసి పక్క సందు మొదట్లో ఆపేసరికి సగం చల్లబడతారు. జనం పలచబడతారు కదా. కానీ పక్క అంటే మనుషులు, లైట్లు ఉన్న పక్క. చీకటి సందులోకి పిలిస్తే పోవద్దు.

ఇక్కడ ఒక మాట. బయటి ఊళ్లవాళ్లు సీమ రోడ్లంటే ప్రతి తెల్ల బండిలో బాంబులు, కొడవళ్లు ఉంటాయనుకుంటారు. ఇన్నేళ్లుగా ఈ రోడ్ల మీద బండి తోలుతున్నా. నాకు ఎదురైనవి వీల్ పానా, జాకీ రాడ్డు, హెల్మెట్, చెప్పు. తల పగలడానికి అవే చాలు, అది వేరే సంగతి.

మొదటి మూడు మాటలు

నేను నేర్పేది ఇది: "అన్నా, తప్పయింది. దెబ్బేమన్నా తగిలిందా?" అంతే. నెమ్మదిగా, గొంతు పెంచకుండా. మన పక్క ‘అన్నా’, ‘అప్పా’, ‘సామీ’ అన్నీ పనిచేస్తాయి. వయసులో పెద్దవాళ్లయితే ‘పెద్దాయనా’. అవతలి మనిషి ఆడవాళ్లయితే ‘అక్కా’, ‘అమ్మా’. ‘బాబూ’ మాత్రం మీసం వచ్చినవాడితో అనొద్దు, వెక్కిరింపులా వినిపిస్తుంది.

"మన తప్పు లేకపోయినా తప్పయింది అనాలా?" అని ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు పోట్లాడతారు. మాటను జాగ్రత్తగా చూడండి. "తప్పు చేశాను" అంటే చేసినవాడు నేను. "తప్పయింది" అంటే ఏదో తప్పు జరిగింది, అంతే. ఎవరు చేశారో ఆ మాటలో లేదు. ఎదుటివాడి చెవికి క్షమాపణలా వినిపిస్తుంది, మీ నోటికి అబద్ధం అంటదు. తెలుగులో ఇంత పనికొచ్చే మాట ఇంకోటి నాకు దొరకలేదు. కాగితం మీద మాత్రం అది రాసి సంతకం పెట్టొద్దు. అక్కడ జరిగింది జరిగినట్టు రాయాలి.

తాగి ఉన్నవాడికి ఈ పాఠం పనిచేయదు. అతనితో ఏమీ తేల్చుకోవాల్సింది లేదు, "సరేన్నా" అని కదలడమే.

చెయ్యి కూడా ‘రా’ అంటుంది

నోటితో అనకపోయినా, మణికట్టు తిప్పి వేళ్లు పైకి విప్పి "ఏంది?" అంటామే, ఆ చెయ్యి ‘ఏందిరా’ అనే అంటుంది. మూసిన అద్దంలోంచి కూడా స్పష్టంగా వినిపిస్తుంది. హై బీమ్ వేసి వేసి ఆపడం, పక్కనే తోలుతూ తల తిప్పి గుడ్లురిమి చూడటం కూడా అదే భాష.

బండిలో ఉంటే బండిలోనే ఉండండి. డోర్లు లాక్, అద్దం మాట వినపడేంత మాత్రం దించండి, ఇంజన్ ఆపొద్దు. ఒంటరిగా ఉన్న ఆడవాళ్లు ఆ కాస్త కూడా దించక్కర్లేదు. బైకు మీద ఉంటే స్టాండు వేసి, బండి మీకూ అతనికీ మధ్య ఉండేటట్టు నిలబడండి. చేతులు కనపడాలి, అరచేతులు తెరిచి, నడుము ఎత్తులో. ఛాతీకి ఛాతీ ఎదురు పెట్టకుండా కొంచెం పక్కకు తిరిగి నిలబడితే పోట్లాటకు దిగినట్టు ఉండదు, కదలడానికీ వీలు. భుజం మీద చెయ్యి వేసి సముదాయించొద్దు. మన ఉద్దేశం మంచిదే, అతని భుజానికి అది తెలియదు. మొహం ముందు ఫోన్ పెట్టి వీడియో తీయొద్దు. డ్యాష్‌క్యామ్ ఉంటే దాని పని అది చేసుకుంటుంది. నంబరు ప్లేటు గుర్తుపెట్టుకోండి, చాలు.

మాటలు అయిపోయినప్పుడు

తిట్టేవాడు తిడుతున్నంత సేపు నేను పెద్దగా భయపడను. అతను మాట ఆపేసి, చుట్టూ ఒకసారి చూసి, తన బండి వైపు గబగబా పోతుంటే భయపడతాను. పామిడిలో నేను చదవలేకపోయింది అదే. ఆ క్షణంలో న్యాయం, అద్దం ఖర్చు అన్నీ వదిలేసి బయలుదేరాలి. హైవే అయితే ముందున్న టోల్ ప్లాజా దాకా పొండి. లైట్లు, కెమెరాలు, మనుషులు ఉంటారు. కాసేపల్లి, మరూరు, ఏది దగ్గరైతే అది. ఊళ్లో అయితే పోలీస్ స్టేషన్, లేకపోతే రద్దీగా ఉండే పెట్రోల్ బంకు. దోవలోనే 112కు కొట్టండి. జాతీయ రహదారి మీద సాయానికి 1033 నంబరు కూడా ఉంది. మీ బండికి అడ్డంగా బండి పెట్టి కదలనీయకపోతే అదీ నేరమే, భారతీయ న్యాయ సంహిత 126వ సెక్షన్. ఆ సంగతి అతనికి అక్కడ చెప్పబోకండి, పోలీసులకు చెప్పండి.

కత్తో తుపాకో బయటికి వస్తే? అడిగింది ఇచ్చేయండి: తాళం, ఫోన్, పర్సు. "తాళం జేబులో ఉంది, తీస్తున్నా" అని ముందు చెప్పి, తర్వాత నెమ్మదిగా చెయ్యి కదపండి. చేతిలోది లాక్కోవాలని చూడొద్దు. కాల్పులు మొదలైతే మాత్రం ఆగకుండా దూరం పరుగెత్తడమే. దాక్కోవాల్సి వస్తే కారు డోరు వెనకాల కాదు, తూటా ఆ రేకును చీల్చుకుని వస్తుంది. ఇంజన్ ఉన్న వైపు, చక్రం వెనకాల కూర్చోండి.

మన దేశంలో లైసెన్సు తుపాకీ అంటే 1959 ఆయుధాల చట్టం కింద ఇచ్చేది. 2019 సవరణ తర్వాత మామూలు మనిషి రెండుకు మించి పెట్టుకోకూడదు. అందుకే ఇక్కడ రోడ్డు గొడవల్లో తుపాకీ అరుదు. కానీ తుపాకీ లేనంత మాత్రాన ప్రాణాలు పోవడం ఆగలేదు. 1988 డిసెంబర్ 27న పటియాలాలో రోడ్డు మీద బండి నిలిపిన విషయంలో గొడవ. అందులో క్రికెటర్ నవజ్యోత్ సింగ్ సిద్ధూ ఉన్నారు. దెబ్బ తిన్న 65 ఏళ్ల పెద్దాయన చనిపోయారు. కేసు 30 ఏళ్లు నడిచాక, 2018లో సుప్రీంకోర్టు గాయపరిచిన నేరం కింద సిద్ధూకు వెయ్యి రూపాయల జరిమానా వేసింది. 2022 మే 19న ఆ తీర్పును తనే మళ్లీ చూసి ఏడాది జైలు వేసింది. ఒళ్లు దిట్టంగా ఉన్నవాడి చెయ్యే ఆయుధం కావచ్చు అని అందులో రాసింది. ఆ రోజు అక్కడ ఉన్నవి చేతులే.

అమెరికాలో పిల్లలున్నవాళ్లకు

ఈ నాలుగు ముక్కలు వాళ్లకు పంపండి. మన లారీల వెనకాల "సౌండ్ హారన్" అని రాసి ఉంటుంది, కొట్టకపోతేనే తప్పు. అక్కడ ఊరకే హారన్ కొట్టడం అంటే తిట్టడమే. టెక్సాస్‌లో 2021 సెప్టెంబర్ నుంచి, 21 ఏళ్లు నిండి, చట్టం అడ్డుచెప్పని మనిషి లైసెన్సు లేకుండానే పిస్తోలు దగ్గర పెట్టుకుని తిరగొచ్చు. మీ అబ్బాయి మణికట్టు తిప్పి "ఏంది?" అన్న కారులో ఏముందో తెలియదు. ఎవరైనా వెంటపడితే పోటీకి పోకుండా, ఇంటికి పోకుండా, 911కు ఫోన్ చేసి పోలీస్ స్టేషన్ వైపు తోలమనండి.

ఈ వారం పని

రోజూ అద్దం ముందు పదిసార్లు "అన్నా, తప్పయింది" అనండి. నవ్వొస్తుంది, పర్వాలేదు. నోటికి అలవాటు కాని మాట గుండె దడదడలాడేటప్పుడు రాదు. తర్వాత ఇంట్లో ఎవరినైనా ఎదురుగా నిలబెట్టి మిమ్మల్ని గట్టిగా తిట్టమనండి. మా బ్యాంకు మేడమ్ వాళ్ల ఆయన్ని నిలబెట్టారట. ఆయన మొహమాటపడతాడేమో అనుకున్నారు గానీ, ఆపకుండా ఐదు నిమిషాలు తిట్టాడంట. ఆమె నాలుగో నిమిషం దాకా ‘అన్నా’ అనలేకపోయారు, మొగుణ్ని ఎలా అంటాను సార్ అని. వాళ్లింట్లో ‘అప్పా’కు మార్చాం.

వచ్చే పాఠం యాక్సిడెంటు తర్వాత జనం గుమికూడినప్పటి గురించి. దెబ్బ తగిలినవాళ్లను ఆస్పత్రికి చేర్చడం డ్రైవరు బాధ్యత అని చెప్పే మోటారు వాహనాల చట్టం 134వ సెక్షనే, మూక ఆగ్రహం వల్ల అది వీలుకాకపోవచ్చని కూడా ఒప్పుకుంటుంది. ఆ రెండింటి మధ్య డ్రైవరు ఏం చేయాలో చూద్దాం. ఈలోగా మీ బండి ఇన్సూరెన్స్ కాగితం తీసి పెట్టుకోండి. ముందు తేదీ చూడండి.