సహారా పరుగు: ఇబ్బంది అక్కడ, మూలం ఇంట్లో

మరథాన్ డె సాబ్ల్ 1986లో మొదలైంది. దక్షిణ మొరాకో ఎడారిలో సుమారు 250 కిలోమీటర్ల పరుగు. నీళ్లు, గుడారం నిర్వాహకులు ఇస్తారు. తిండి, పడక సామాను వారమంతా మన వీపు మీదే. అక్కడ బయటపడే తిప్పల్లో చాలావాటిని ఇంట్లోనే సరిచేసుకోవచ్చు.

సమస్య: మొదటి సాయంత్రానికే కాలివేళ్లకు బొబ్బలు.
కారణం: వేడికి, గంటల తరబడి నడకకు పాదం ఉబ్బుతుంది, బిగిసిన బూటులోకి సన్నటి ఇసుక చేరి ఉప్పుకాగితంలా రాస్తుంది.
పరిష్కారం: బూట్లు ఒక సైజు పెద్దవి కొనండి, అదీ సాయంత్రం, బాగా పరుగెత్తి వచ్చాక. ఇసుకను ఆపే గెయిటర్లు (బూటు మీద వేసే గుడ్డ తొడుగులు) తొడగడానికి బూటు చుట్టూ వెల్క్రో పట్టీ కావాలి. జిగురుతో అంటించి ఊరుకోకండి, వేడికి ఊడిపోతుంది. చెప్పులు కుట్టే అతనితో అడుగుభాగం కలిసే అంచు వెంబడి కుట్టించండి. తర్వాత పట్టీ చుట్టూ వేలిగోరుతో తడుముతూ రండి. గోరు దూరిన చోట ఇసుక కూడా దూరుతుంది. విశాఖ తీరంలోనో సూర్యలంకలోనో పొడి ఇసుకలో రెండు మూడు గంటలు పరుగెత్తితే అసలు సంగతి తేలుతుంది.

సమస్య: రెండో రోజుకే భుజాలు పట్టేశాయి.
కారణం: సంచి. నీళ్లు కాకుండా కనీసం 6.5 కిలోలు, గరిష్ఠం 15 కిలోలు అన్నది అక్కడి నియమం. చాలామంది పైహద్దు వైపే జరుగుతారు, ఎక్కువగా తిండి వల్ల.
పరిష్కారం: వారం మొత్తానికి తప్పనిసరి తిండి 14,000 కిలోకేలరీలు. అన్నీ అటుకులే అయితే దాదాపు 4 కిలోలు. అన్నీ పల్లీలైతే సుమారు రెండున్నర. పల్లీలే మేలనకండి, మూడో రోజుకు నోటికి సహించవు. రెండూ కలపండి. పులిహోర పొడి కలిపిన అటుకులకు పొయ్యి అక్కర్లేదు, చల్లటి నీళ్లకే మెత్తబడతాయి. ఎడారిలో నాలుకకు పులుపు తగలడం చిన్న విషయమేమీ కాదు.

సమస్య: నీళ్లు బాగానే తాగుతున్నా తలనొప్పి, వికారం, ఉంగరం బిగిసేంతగా వేళ్ల వాపు.
కారణం: చెమటతో ఉప్పు పోతుండగా నీళ్లు మాత్రమే ఎక్కువగా తాగడం. రక్తంలో సోడియం పడిపోయి ఉండవచ్చు.
పరిష్కారం: ఇంకా నీళ్లు తాగకండి, వెంటనే వైద్య బృందానికి చెప్పండి. ఉప్పు ముందునుంచీ తీసుకుంటూ, దాహం వేసినంతే తాగండి. మాట తడబడి, ఒళ్లు కాలిపోతూ, అడుగులు తూలితే అది వడదెబ్బ: నీడ, తడి గుడ్డలు, వైద్యులు, అదీ క్షణాల్లో.

సమస్య: తొలి రోజే ఎండకు కుదేలు.
కారణం: మే ఎండలు చూసిన ఒళ్లు కదా అనే ధీమా. ఏడాదంతా ఏసీలో కూర్చున్న ఒంటికి ఆ అలవాటు మిగలదు.
పరిష్కారం: ప్రయాణానికి ముందు 10 నుంచి 14 రోజులు వేడిలో వ్యాయామం, మెల్లగా పెంచుతూ.

సమస్య: విమానం దిగాక సామాను రాలేదు.
పరిష్కారం: బూట్లు, గెయిటర్లు, మందులు, వైద్య ధ్రువపత్రం చేతిసంచిలోనే. కత్తి మాత్రం చెక్-ఇన్‌లో.

సమస్య: ఇసుక తుపానులో దారి కనిపించడం లేదు.
పరిష్కారం: ఆగిపోండి. 1994లో ఇటలీ పరుగువీరుడు మౌరో ప్రోస్పెరి తుపానులో దారి తప్పి, రోజుల తరబడి తిరిగి అల్జీరియాలో తేలాడు. బండానా ముఖానికి చుట్టుకుని, గాలికి వీపు పెట్టి కూర్చోండి. తుపాను తగ్గాక దిక్సూచి తీయండి.