పట్టణ రవాణా అంచనా – పాఠం 4: మోనోరైలా, లైట్ రైలా?

గత పాఠంలో నేర్చుకున్న లెక్క గుర్తుంది కదా? మూడు నిమిషాలకొక రైలు నడిస్తే గంటకు 20 రైళ్లు. ఒక్కోదానిలో 300 మంది ఎక్కితే ఒక దిశలో 6,000 మంది. ఈ మాత్రం జనాన్ని మోనోరైలూ (ఒకే దూలం మీద నడిచేది) మోస్తుంది, లైట్ రైలూ (రెండు పట్టాల మీద ట్రాములా నడిచేది) మోస్తుంది. కాబట్టి ఈ అంకె చూసి ఏదీ తేల్చకండి. ముందు పాయింట్లు చూడండి, అంటే బండి ఒక దారి నుంచి ఇంకో దారికి మారే చోటు.

లైట్ రైలులో సన్నటి ఉక్కు నాలుకలు కాస్త జరిగితే చాలు, బండి దారి మారుతుంది. మోనోరైళ్లలో ఎక్కువ రకాలు దూలాన్ని రెండు వైపులా పట్టుకుని నడుస్తాయి. అక్కడ దారి మారాలంటే దూలం ముక్కే కదలాలి. బరువు, ఖర్చు, సమయం అన్నీ పెరుగుతాయి. అందుకే మోనోరైలు మ్యాపుల్లో కొమ్మలు అరుదు. మ్యాపు చేతికి రాగానే నేను వేసే మొదటి ప్రశ్న: రేపు ఊరు పెరిగితే ఈ గీత ఎక్కడ చీలాలి?

సిడ్నీలో రెండూ నడిచాయి. 1988లో మొదలైన మోనోరైలు ఒకే దిశలో తిరిగే చిన్న చుట్టు. ఒక్క స్టేషన్ వెనక్కి వెళ్లాలన్నా చుట్టంతా తిరగాల్సిందే! 2013లో దాన్ని మూసేశారు. 1997లో పాత గూడ్స్ లైన్‌ను వాడుకుంటూ మొదలైన లైట్ రైలును మాత్రం 2014లో పొడిగించారు. 2019, 2020లలో తెరిచిన కొత్త లైన్లు నగరం నడిమధ్యలో ఒకే పట్టాలపై నడిచి, ఆ తర్వాత రెండుగా చీలతాయి.

అలాగని మోనోరైలును బొమ్మ రైలు అని కొట్టిపారేయకండి. చైనాలోని చోంగ్‌చింగ్ కొండలూ నదులూ ఉన్న నగరం. అక్కడ రబ్బరు టైర్ల పట్టు, సన్నటి దూలం బాగా పనికొచ్చాయి. లిజిబా స్టేషన్ దగ్గర రైలు ఏకంగా ఒక భవనం లోపలి నుంచే వెళ్తుంది. ట్రాఫిక్ టెన్షన్ కూడా లేదు. లైట్ రైలు పట్టాల మీదికి కార్లను రానిస్తే అది సిగ్నళ్ల దగ్గర బస్సులాగే ఆగిపోతుంది.

రైలు మధ్యలో ఆగిపోతే? లైట్ రైలు నేల మీద ఉంటే జనం దిగి నడిచిపోతారు. 2025 ఆగస్టులో ముంబైలో కిక్కిరిసిన మోనోరైలు పైనే నిలిచిపోతే అగ్నిమాపక సిబ్బంది వచ్చి దించాల్సి వచ్చింది.

ఇంకో జాగ్రత్త: ఆకాశంలో మోనోరైలును నేల మీది లైట్ రైలుతో పోల్చే రిపోర్టులను నమ్మకండి. స్తంభాలు కట్టేటట్టయితే వాటి మీద లైట్ రైలూ నడపొచ్చు.

అభ్యాసం: మీకు బాగా తెలిసిన ఒక పొడవాటి రోడ్డు గీయండి. రెండు ట్రాకులకు సుమారు 7 మీటర్లు వదలలేని చోట్లన్నీ ఎర్ర పెన్సిల్‌తో దిద్దండి. లైను చీలాల్సిన చోట్ల నీలి చుక్క పెట్టండి. ఎరుపు ఎక్కువై నీలం అసలు లేకపోతేనే మోనోరైలును లెక్కలోకి తీసుకోండి. ఆ కాగితం దాచుకోండి, ఖర్చుల పాఠంలో దాని మీదే పనిచేస్తాం.